విరిగిన పంటి తెలుగు

తిరుత్తణిలో ముప్పయ్యొక్క ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి నేను. నా చేతికింద వందలమంది పిల్లలు చదువుకున్నారు. అందులో ఒక్కడి నోటి యాసనైనా మార్చగలిగానా అంటే, లేదు. బజారులో మటన్ కొట్టు పెట్టుకుని, సంతకం కూడా తమిళంలోనే చేసే వెంకటముని మాత్రం, తెలుగు ముక్క రాని తమిళుడి చేత నలభై రోజుల్లో చిత్తూరు తెలుగు పలికించేవాడు. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అసూయ అనుకోండి, ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

అయితే ఆ పలికించే పద్ధతి చూస్తే అతన్ని ఎవరూ గురువు అనరు. మాంసం నరికే మొద్దు ఉంటుంది కదా, చింతచెట్టు బోదెది, దాని ఎదురుగా మనిషిని కూర్చోబెట్టేవాడు. కుడిచెయ్యి తెచ్చి ఆ మొద్దు మీద పరచమనేవాడు. తరువాత మేక తొడ పెట్టి కత్తి ఎత్తేవాడు. కత్తి పడేది ఆ మనిషి వేళ్ళకు బెత్తెడు దూరంలో. పడేలోపల "యాడికి పోతా ఉండావు?" అని అరిచేవాడు. కత్తి పైకి లేచేలోపల ఆ మనిషి తెలుగులో జవాబు చెప్పాలి. చెయ్యి లాక్కుంటే మెడమీద ఒక దెబ్బ. తమిళం దొర్లితే రెండు.

మొదటిసారి ఇది చూసి నేను అరకిలో మాంసం కోసం తెచ్చిన సంచి కిందపడేశాను. "నువ్వు మనిషివా, కసాయివా?" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది, అతను కసాయే కదా.

"అయ్యోరా, నువ్వు నోటికి నేర్పిస్తావు. నేను భయానికి నేర్పిస్తా ఉండా," అన్నాడు వెంకటముని, కత్తిని లుంగీకి తుడుచుకుంటూ. "ఆడ లాఠీ పైకి లేస్తే వీడి నోరు మాట్లాడదు. భయం మాట్లాడతాది. ఆ భయం తెలుగులో పడాల."

ముప్పయ్యొక్క ఏళ్ళ ఉద్యోగంలో ఏ ట్రైనింగులోనూ నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు.

అతనికి ఆ విద్య ఎక్కడ పట్టుబడిందో చెబుతాను. వెంకటముని అమ్మానాన్నలు తెలుగు మాట్లాడే కూలివాళ్ళు. పని వెతుక్కుంటూ తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌కి చేరేటప్పటికి అతనికి తొమ్మిదేళ్ళు. ఆ వీధి కుర్రాళ్ళకు అతని తమిళం ఒక ఆట అయింది. రోజూ మాట్లాడించేవాళ్ళు, నవ్వేవాళ్ళు. ఒకనాడు అతను తిరగబడి ఒకణ్ణి కరిచాడు. నలుగురు కలిసి అతని తల పట్టుకుని వీధి కొళాయి ఇనప గొట్టానికేసి కొట్టారు. "మాట్లాడు, ఇప్పుడు మాట్లాడు" అంటూ ఒక్కొక్క మాటకీ ఒక్కొక్కసారి కొట్టారు. పై వరసలో ముందు పన్ను సగానికి విరిగింది. పక్కది ఊడి కాలవలో పడింది.

ఆరు నెలలు అతను వీధిలో నోరు తెరవలేదు. మూగవాడైపోయాడని అమ్మ గుడుల చుట్టూ తిప్పింది. వాడు మూగపోలేదు, వింటున్నాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళ కొట్లాటలు, సారా కొట్టు ముందు మగవాళ్ళ బూతులు, కండక్టర్ల కసుర్లు, అన్నీ విన్నాడు. ఆరు నెలల తరువాత తన పన్ను విరగ్గొట్టినవాడి ఇంటిముందు నిలబడి, వాడి వంశాన్ని అచ్చమైన తమిళంలో తిట్టాడు. ఆ ఇంటి ముసలామె "ఎవరింటి తమిళ పిల్లాడే వీడు" అంటూ బయటికి వచ్చింది. పన్ను విరగ్గొట్టినవాడు ఆమె వెనకే బయటికి రాగానే వెంకటముని చేతి పంపు పిడితో వాడి మణికట్టు మీద కొట్టాడు. ఎముక చప్పుడు వీధి చివరిదాకా వినబడిందని వెంకటముని చెప్పేవాడు. చెబుతూ నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఆనాటినుంచి అతని తమిళాన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మేకల కోసం చిత్తూరు వైపు సంతలకు తిరిగి తిరిగి ఆ ప్రాంతం యాస కూడా నోట నిలిచింది. రెండు భాషలూ రెండు కత్తుల్లా వాడేవాడు. ఒక్కటే లోపం మిగిలిపోయింది. విరిగిన పంటి సందులోంచి 'స' దగ్గర సన్నగా గాలి పోయేది, కుక్కర్ కూతకు ముందు వచ్చే గాలిలాగ. ఏళ్ళ తరబడి వినివిని మాకు అది వినబడడం మానేసింది. అతనికైతే ఎప్పుడూ వినబడలేదు.

ఈ చదువు మొదలైంది నాలుగేళ్ళ కిందట. సరిహద్దు అవతలి చిత్తూరు కొండల్లో ఎర్రచందనం ఉంది. దాన్ని దొంగచాటుగా కొట్టడానికి మన వైపు కొండలమీద నుంచి తమిళ కూలీలు పోతారు. బస్సులు ఆపి వాళ్ళను పట్టుకోవడానికి అవతల చెక్‌పోస్టు పెట్టారు. అక్కడివాళ్ళ పరీక్షలు రెండే. అరచేతిలో గొడ్డలి కాయలున్నాయా అని చూడడం ఒకటి, మాట్లాడించి నోరు వినడం రెండోది. ఎలుమలై అని ఒక కూలీ ఉన్నాడు. వాడి అన్న ఒకసారి తిరుపతిలో గుండు గీయించుకోవడానికి మొక్కుబడి మీద పోతూ ఆ బస్సులో ఉన్నాడు. ఆనాడు గొడ్డలి పని మీద పోలేదు. అయినా నోరు విని దింపేశారు. రెండో రోజు అతన్ని షేర్ ఆటోలో తెచ్చి వెంకటముని కొట్టు ఎదురుగా ఉన్న టీ అంగడి బల్లమీద పడుకోబెట్టారు. రెండు మోకాళ్ళూ పగిలిపోయి ఉన్నాయి. ప్యాంటు గుడ్డ మాంసంలోకి అంటుకుపోయి, లాగితే ఊడిరావడం లేదు.

వెంకటముని రోడ్డు దాటి వెళ్ళి చూశాడు. నాలుకను పంటి సందులోకి పోనిచ్చుకుంటూ నిలబడ్డాడు.

"నోరు వినేసి కాళ్ళు విరగ్గొడతారా?" అన్నాడు. మరుసటి రోజు ఎలుమలైని పిలిచి మొద్దు ముందు కూర్చోబెట్టాడు.

ముప్పయ్యెనిమిదో రోజు కత్తి గురితప్పి ఎలుమలై చిటికెనవేలి కొస తెగింది. "అమ్మా" అని అరిచాడు. అది ఏ భాషో చెప్పడానికి నేనెంత పండితుణ్ణయినా చాలను. వెంకటముని పసుపు అద్ది గుడ్డ కట్టి, అదే చెయ్యి మళ్ళీ మొద్దు మీద పెట్టించాడు. ఆ గుడ్డలోంచి రక్తం కారుతుండగానే "యాడికి పోతా ఉండావు?" అన్నాడు. "పుత్తూరుకి సామీ, మా చిన్నాయన కూతురికి సీమంతం," అన్నాడు ఎలుమలై. నేను పక్కనే ఉన్నాను. కళ్ళు మూసుకుని వింటే మాట్లాడింది వెంకటమునే. మాటలే కాదు, ఆగే చోటు, సాగే చోటు, చివర గొంతు దించడం, అన్నీ దిగిపోయాయి. దెబ్బకు దెయ్యం దిగివస్తుందంటారు, ఇక్కడ దెబ్బకు యాస దిగింది.

ఆ తరువాత ఇంద్రసేన అనే పొలాలున్న ఆసామి, ఈ కూలీలను అడవికి పంపే దళారి, వాసన పట్టి వచ్చాడు. ఒక మనిషిని తయారుచేస్తే ఒక మేక ఇస్తానన్నాడు. అలా పదిహేనుమందిదాకా వచ్చారు. నేను ఊరుకోలేదు, కొట్లాడాను. "ఇది దొంగతనానికి చదువు చెప్పడం రా," అన్నాను.

"చెట్టు కొట్టేది తప్పే అయ్యోరా. కేసు పెట్టమను, జైల్లో వెయ్యమను. మాటకి మోకాలు విరగ్గొట్టమని యా చట్టంలో రాసిండాది?" అన్నాడు.

మొదటి మేకకు ముందే ఆ మాట అని ఉంటే నేను దండం పెట్టేవాణ్ణి. మూడో మేక తరువాత అన్నాడు. అయినా మాటలో నిజం ఉంది కాబట్టి నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పే.

ఇప్పుడు కొడుకు సంగతి. గుణశేఖర్‌కి ఇరవై నాలుగేళ్ళు, కొట్టులో తండ్రికి సరిజోడు. ఆరేళ్ళప్పుడు వాణ్ణి మా తెలుగు సెక్షన్లో వెయ్యమని నేను ఇంటికి వెళ్ళి మరీ అడిగాను. పిల్లలు తగ్గిపోయి సెక్షన్ ఎత్తేస్తామంటున్న రోజులవి. "తెలుగు ఇంట్లో ఉండేదే గదా, దానికి బడేమిటికి?" అన్నాడు వెంకటముని. ఆగి, అసలు మాట చెప్పాడు. "వాడి పండ్లు వాడి నోట్లోనే ఉండాల అయ్యోరా." నేను అడ్మిషన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

అలా గుణ తమిళంలో చదివాడు, తమిళంలో ఆడాడు, తమిళంలో ప్రేమించి ఒకసారి తన్నులు కూడా తిన్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు, కానీ ఆ తెలుగు తమిళం రాగంలో నడిచేది. సగం మాటలు అవే. వాళ్ళమ్మ దేవకికి అది వినబడలేదు, బిడ్డ మాట బిడ్డ మాటే కదా. ఊరి కూలీల నాలుకలు పట్టుకుని సరిచేసిన తండ్రికీ వినబడలేదు. కన్నబిడ్డకు సొంత భాష యాస నేర్పించాలని ఎవరికి తోస్తుంది? అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది మావాడి పని.

మా కొండ గుడిలో ఆడికృత్తిక పండగ అయిన వారం అది. కావళ్ళు ఎత్తినవాళ్ళు నోములు దించి మాంసం మీద పడే రోజులు. కొట్టులో ఇక ఒక్క మేకే మిగిలింది. గుణ పొద్దున్నే పుత్తూరు వైపు సంతకి బస్సెక్కాడు. అదే బస్సులో వెనక సీట్లో ఎలుమలై కూడా ఉన్నాడు, అడవి పనికి. తెలియనట్టు ఎడంగా కూర్చున్నారు. అక్కడ జరిగింది ఎలుమలై నాకు తరువాత చెప్పాడు, ఏడుస్తూ చెప్పాడు.

చెక్‌పోస్టు దగ్గర మగవాళ్ళందరినీ దింపారు. ఎలుమలై అరచేతులు గరుకురాయితో రుద్ది నూనె పూసుకుని ఉన్నాడు. "యాడికిరా?" అన్నారు. సీమంతం కథ చెప్పాడు. "పో, ఎక్కు," అన్నారు. తరువాత గుణ. మొద్దు దగ్గర పదేళ్ళు కత్తి పట్టిన చెయ్యి, అరచేయంతా కాయలు.

"యాడికి?"

"సంతకి సార్... ఆడు... మేకలు వాంగేదానికి పోతాండా." మేకకి ముందు 'ఆడు' అన్నాడు, కొనడానికి 'వాంగేదానికి' అన్నాడు, రెండూ తమిళమే.

"ఏ కొండరా నీది?"

"కొండ లేదు సార్. మాది తెలుగే సార్."

వాళ్ళు నవ్వారట. ఒకడు చెంపమీద కొట్టాడు. ఆ దెబ్బతో గుణ నోట్లో ఉన్న కాస్త తెలుగూ చెదిరిపోయింది. "అడిక్కాదీంగ సార్, అడిక్కాదీంగ" అని, కొట్టొద్దని తమిళంలో వేడుకుంటూ కాళ్ళు పట్టుకున్నాడు. ఇక వాళ్ళకు ఏ సందేహమూ మిగల్లేదు. మడమల మీద లాఠీలతో కొట్టారు. కిందపడితే కడుపులో తన్నారు. ఒకడు కుడిచేతి మీద బూటు పెట్టి నిలబడ్డాడు, కాయలున్న చెయ్యి అదే కదా అని. బస్సు కిటికీలోంచి ఎలుమలై అంతా చూశాడు. గుణ ఒకసారి తలెత్తి అతని వైపు చూశాడు కూడా. "నోరు తెరిస్తే నన్నూ దింపుతారు. నేను తెరవలేదు అయ్యోరా," అన్నాడు నాతో, తెగిన వేలితో తన నోటిమీద తనే కొట్టుకుంటూ.

తరువాతి స్టాపులో దిగి వెంకటమునికి ఫోన్ చేశాడు. ఎప్పుడూ తమిళంలో మాట్లాడేవాడు ఆ రోజు, "మామా, గుణాని దింపేసినారు మామా," అని తెలుగులో అన్నాడు.

వెంకటముని కొట్టు తెరిచే వదిలేసి, రక్తం లుంగీతో, చేతిలో కత్తితో మా ఇంటికొచ్చాడు. ఆ కత్తి లాక్కోవడానికి నాకూ నా భార్యకూ పది నిమిషాలు పట్టింది. దేవకి కొడుకు ఆధార్, రేషన్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. రెంటిలోనూ ఒక్క తెలుగు అక్షరం లేదు. "నా బిడ్డని ఎత్తుకోని రా అయ్యోరా, ఎట్లనో ఒకట్ల ఎత్తుకోని రా," అని తల గుమ్మానికేసి కొట్టుకుంది.

నా స్కూటర్ మీద పోయాం. స్టేషన్ ముందు వెంకటముని చేతుల రక్తం కడుక్కోవడానికి కొళాయి దగ్గరకి వెళ్ళాడు. నేను టీ తాగుతున్న ఒక కానిస్టేబుల్‌ని పలకరించాను. రిటైరైన తెలుగు అయ్యోరినని చెప్పాక అతను సంబరంగా మాట్లాడాడు.

"మీ పని ఎవడో చేస్తా ఉండాడు అయ్యోరా, కూలీలకి తెలుగు నేర్పిస్తా ఉండాడు. ఈ మధ్య అడవిలో దుంగతో సహా దొరికినోళ్ళు పదకొండు మంది మన మాదిరే తెలుగు మాట్లాడినారు. విడ్డూరం ఏందంటే, వాళ్ళందరికీ పండ్లు బాగుండాయి, 'సామీ' అనేటప్పుడు మాత్రం గాలి పోతాది. ఎవడో పన్ను లేనోడు నేర్పించినాడని మా సారు పసిగట్టినాడు. వాడు దొరికితే కూలీల్ని వదిలేసి వాణ్ణే పట్టుకుంటాడు."

నేను టీ గ్లాసు బల్లమీద పెట్టేశాను. అప్పుడు, ఎన్నో ఏళ్ళ తరువాత, నాకు వెంకటముని నోటి గాలి మళ్ళీ వినబడింది. శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళు మంచీ చెడూ ఏరుకోరు. వాళ్ళు అతని తెలుగుతో పాటు అతని విరిగిన పన్ను కూడా నేర్చుకున్నారు.

కొళాయి దగ్గరకి పరుగెత్తి సంగతి చెప్పాను. "లోపల నువ్వు నోరు తెరవొద్దు. ఏదైనా నేను మాట్లాడతా," అన్నాను.

అతను నాలుకతో పంటి సందు తడుముకున్నాడు. "నాకు గాలి పోతాదా? ఎవురూ చెప్పలేదే," అన్నాడు. చిన్నపిల్లాడిలా అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

లోపల ఆఫీసరు కుర్చీలో ఉన్నాడు. నేను నా మొత్తం విద్య వెలికితీసి మాట్లాడాను. ఈ కుర్రవాడు నిరపరాధి, తెలుగు కుటుంబం, మాంసం వ్యాపారం, ఇవిగో పత్రాలు అన్నాను. ఆఫీసరు పత్రాలు తిప్పి చూసి నవ్వాడు. "అన్నీ అరవంలోనే ఉండాయే. మీరు రేడియో మాదిరి మాట్లాడతా ఉండారు, సంతోషం. వాడి నాయన యాడ? ఈయనేనా? ఈయన్ని మాట్లాడమను."

"ఈయనకు మాట రాదు, మూగ," అన్నాను. బడిపిల్లల చేత అబద్ధమాడరాదని ముప్పయ్యొక్క ఏళ్ళు బోర్డు మీద రాయించినవాణ్ణి.

"మూగోడి బిడ్డకి అరవ యాస ఎట్లొచ్చిందబ్బా," అని ఆఫీసరు గంట కొట్టాడు. లోపలి గదిలో ఎవరో అది సైగ అనుకున్నట్టున్నారు. ఫట్‌మని చప్పుడైంది. గుణ కేక పెట్టాడు. "ఎంగ అప్పా మటన్ కడై సార్! అప్పాక్కు ఫోన్ పణ్ణుంగ సార్!" మా నాన్నది మటన్ కొట్టు, నాన్నకు ఫోన్ చెయ్యండి అంటున్నాడు. మళ్ళీ దెబ్బ. ఈసారి ఎముక చప్పుడు. చేతి పంపు పిడి కథ విన్నవాణ్ణి కాబట్టి నాకు అది తెలిసింది, వెంకటమునికి ఇంకా బాగా తెలిసింది.

నేను అతని భుజం గట్టిగా పట్టుకున్నాను. విదిలించుకున్నాడు.

"సామీ! వాడు నా బిడ్డ సామీ. వాడి సేతుల్లో ఉండేది కత్తి కాయ సామీ, గొడ్డలి కాయ కాదు. సంతకి పోయే బిడ్డని సంపేస్తా ఉండారు సామీ!"

ఒక్కొక్క 'స' దగ్గరా గాలి పోయింది. అంత నిశ్శబ్దమైన గదిలో ఒక్కటీ తప్పిపోలేదు. ఆఫీసరు తల మెల్లగా ఎత్తాడు. లేచి వెంకటముని గడ్డం పట్టుకుని, వేలితో పైపెదవి ఎత్తి చూశాడు. తరువాత ఫోన్ తీసి ఏదో నొక్కాడు. ఎవడో కూలీ గొంతు, దెబ్బలు తింటూ, "పుత్తూరుకి సామీ" అంటోంది. ఇంకొకటి నొక్కాడు. "కొట్టొద్దు సామీ." ఇంకొకటి. అన్నీ వెంకటమునే.

అతను తన యాసను బయటినుంచి వినడం అదే మొదటిసారి. తల పక్కకి వంచి విన్నాడు. మూడోది వినేటప్పటికి అతని మొహంలో వెలుగు వచ్చింది. అబద్ధం కాదు, నేను చూశాను. "బాగా నేర్సుకోనుండాడే," అన్నాడు.

ఆఫీసరు లాఠీ పిడితో ఆ నోటిమీదే కొట్టాడు. మిగిలిన ముందు పళ్ళు రక్తంతో పాటు గడ్డం మీదికి జారాయి.

"ఆ కుర్రోణ్ణి వదిలేయండి," అన్నాడు ఆఫీసరు చెయ్యి దులుపుకుంటూ. "నిజంగానే తెలుగోడు."

గుణ గోడ పట్టుకుని నడిచొచ్చాడు. కుడి మణికట్టు వేలాడుతోంది. తండ్రిని చూసి ఏడ్చాడు. వెంకటముని రక్తం ఉమ్మి, "కొట్టు తెరిసే ఉండాది. మీ అమ్మని మేక తొడలు ఐస్‌లో పెట్టమను," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. వాళ్ళు అతన్ని లోపలికి తీసుకుపోయారు. రేడియో మాదిరి మాట్లాడే నా తెలుగు ఎందుకు కాల్చను?

అది జరిగి నాలుగు నెలలు. వెంకటముని అవతలి జైల్లో ఉన్నాడు, బెయిలు రాలేదు. ఇంద్రసేన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. గుణ చెయ్యి సరిగా అతకలేదు. తండ్రిని చూడాలంటే అదే రోడ్డు, అదే చెక్‌పోస్టు. రెండుసార్లు పోయాడు, రెండుసార్లూ దింపి కొట్టారు. మూడోసారి బయలుదేరేముందు భోజనం క్యారియర్ పట్టుకుని నా దగ్గరకొచ్చి, "నాకు తెలుగు నేర్పించు అయ్యోరా," అన్నాడు. మూడు వారాలు నేర్పించాను. వాడు పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు మాట్లాడసాగాడు, వింటుంటే నాకే వాణ్ణి దింపి కొట్టాలనిపించింది.

అడవి పని మానేసిన ఎలుమలై ఇప్పుడు కొట్టులో గుణకి కుడిచెయ్యిగా ఉన్నాడు. పోయిన ఆదివారం నేను అరకిలో కోసం వెళ్ళేటప్పటికి, మొద్దు మీద గుణ ఎడమచెయ్యి పరచి ఉంది. ఎలుమలై కత్తి ఎత్తాడు.

"యాడికి పోతా ఉండావు?"

"జైలుకి సామీ. మా నాయన్ని చూసేదానికి."

"గాలి రావాల. మామ మాదిరి రావాల," అన్నాడు ఎలుమలై.

నాకు కోపం నషాళానికెక్కింది. "ఆ గాలే మీ నాన్నని పట్టించింది కదరా! అది నేర్చుకుంటారా ఎవరైనా?" అని అరిచాను.

గుణ చెయ్యి తియ్యకుండా నా వైపు చూశాడు. "వాళ్ళకి ఇప్పుడు ఆ గాలి ఎవరిదో తెలుసు గదా అయ్యోరా. అది వింటే నేను ఎవురి బిడ్డనో అడగరు."

ఎలుమలై గుణకి చూపించడానికి గొంతు సవరించుకుని, "ఏం సామీ, కడుపుకి తిన్నావా? సంగటి సేసినావా?" అన్నాడు. రోజూ మధ్యాహ్నం వెంకటముని కొట్టు వెనకున్న ఇంట్లోకి అడుగుపెడుతూ దేవకితో అనే మాట అది.

లోపల గిన్నె పడిన చప్పుడైంది. దేవకి తడిచేతులతో, జుట్టు విడిపోయి, పరుగెత్తుకుని వచ్చింది. కొట్టంతా కళ్ళతో వెతికింది. కొడుకుని చూసింది, నన్ను చూసింది, ఎలుమలైని చూసింది. వాడి చెంపమీద శక్తికొద్దీ కొట్టింది. కత్తి కిందపడింది. వాడు తలవంచుకుని నిలబడ్డాడు.

ఆమె వంగి కత్తి తీసి మళ్ళీ వాడి చేతిలో పెట్టింది.

"ఇంకొక తూరి అను," అన్నది.